ఇద్దరు పట్టని వంటింట్లో కొత్త మిక్సీ, మొలకల మూట

మాది హైదరాబాద్ నల్లకుంటలో రెండో ఫ్లోర్ పోర్షన్, కిరాయికి ఉంటున్నాం. వంటిల్లు ఎంతంటే, నేను పొయ్యి దగ్గరుంటే మా ఆయన ఫ్రిజ్ డోర్ తియ్యలేరు, నేను బయటికొచ్చి దారివ్వాలి. గట్టు మీద స్టవ్, పక్కన నీళ్ళ ఫిల్టర్, మిగిలిన రెండు జానల జాగాలో రైస్ కుక్కరో మిక్సీయో ఏదో ఒకటే పడుతుంది. ప్లగ్ పాయింట్లు రెండే, అందులో ఒకటి ఫిల్టర్‌కే పోయింది. పోయిన ఏడు పాత మిక్సీ పాడైపోయి కొత్తది కొన్నాం, సరిగ్గా అదే నెలలో మా ఆయనకి షుగర్ బార్డర్లో ఉందని డాక్టర్ గారు పొద్దుటి టిఫిన్ మార్చమన్నారు, అట్లా మొలకలు కూడా అప్పుడే మా ఇంట్లోకొచ్చాయి. రెండూ ఒకేసారి నేర్చుకోవడంతో రెండిట్లోనూ చేయాల్సిన తప్పులన్నీ ఒకేసారి చేసేశా, ఇప్పుడు చెల్లి కొత్త కాపురం పెడుతూ అక్కా ఎలాగే అని రోజూ ఫోన్ చేస్తోంది కాబట్టి ఒకసారే కూర్చుని అంతా రాసేస్తున్నా.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి, రెండిట్లోనూ నా కొంప ముంచింది మూతే. మిక్సీలో వేడి టమాటాలు వేసి మూత బిగించా. మొలకలు తడితడిగా డబ్బాలో పోసి మూత బిగించా. మొదటి దాని మరక ఇంకా సీలింగ్ మీదుంది, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ ఆంటీ అడ్వాన్సులో ఎంత కోస్తారో. రెండో దాని కంపు ఒక పూటలో పోయింది గానీ మా ఆయన నెల రోజులు మొలకలంటే మొహం తిప్పుకున్నారు.

సరే, ముందు మిక్సీ సంగతి. కొనేటప్పుడు ఆన్‌లైన్లో బ్లెండర్ అని ఒక పొడుగు జార్‌ది, ముద్దుగా రంగురంగుల్లో ఉంటది చూడండి, దాన్ని చూసి పడిపోకండి. బ్లెండర్ పుట్టిందే పల్చటి వాటికోసం, పాలూ పండ్లూ ఐసూ అలాంటివి. మన కొబ్బరి పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారప్పొడి దాంట్లో వేస్తే కింద బ్లేడు గిర్రున తిరుగుతుంటది, పైన సరుకు కదలకుండా కూర్చుంటది, మోటార్ వేడెక్కుతుంది. అసలు మన మిక్సీ పుట్టిన కథే అది. 1960ల్లో ముంబైలో మాధురి మాథుర్ అనే ఆవిడ వాడుతున్న ఫారిన్ బ్లెండర్ మన రుబ్బుళ్ళకి తట్టుకోలేక కాలిపోతే, ఇంజనీరైన వాళ్ళాయన సత్యప్రకాశ్ మాథుర్ మన వంటకి తట్టుకునే గట్టి మోటార్ పెట్టి మిషన్ తయారుచేశారు, 1963లో కంపెనీ పెట్టారు, అదే సుమీత్ మిక్సీ. మా అమ్మ వాళ్ళ తరంలో మిక్సీ అంటే సుమీతే. కాబట్టి ఇంట్లో ఒక్కదానికే జాగా ఉంటే మిక్సీయే కొనండి, జ్యూస్ దాంట్లో కూడా అవుతుంది, బ్లెండర్లో మాత్రం పచ్చడి అవ్వదు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి 500 వాట్లు చాలు, ఇడ్లీ పిండి కూడా మిక్సీలోనే రుబ్బేవాళ్ళైతే 750 తీస్కోండి. ఐఎస్ఐ మార్కుందో లేదో చూడండి.

ఎక్కడ పెట్టాలి అనేది చిన్న వంటింట్లో పెద్ద ప్రశ్న. స్టవ్ పక్కన వద్దు, నూనె ఆవిరి కింద గాలి రంధ్రాల్లోకి పోయి జిడ్డు కట్టేస్తది. సింకు పక్కన అసలే వద్దు. చప్పుడు తగ్గుతుందని కింద పాత టవల్ మడిచి పెడతారు కదా, నేనూ పెట్టా, అది తప్పు, మోటార్‌కి గాలి ఆడేది కింది నుంచే, టవల్‌తో ముక్కు మూసినట్టే. పల్చటి రబ్బర్ మ్యాట్ వేస్కోండి చాలు. ఇంక ప్లగ్గు. 750 వాట్ల మిక్సీ మన 230 వోల్టుల్లో మూడు ఆంపియర్ల చిల్లర లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి సమస్య లేదు. సమస్యంతా ఎక్స్‌టెన్షన్ బాక్సుతో. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఒక్కటే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, దాన్నీ మిక్సీనీ ఒకే బాక్సుకి పెడితే వైరు మెత్తబడి వాసనొస్తది. ఒకటి ఆపి ఒకటి వాడండి, ఎలాగూ గట్టు మీద రెండూ పట్టవు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు కాలుతున్న వాసనొస్తది, పరేషాన్ అవ్వకండి, మోటార్ వైండింగ్ మీద పూసిన వార్నిష్ వేడెక్కి వచ్చే వాసన అది, మూడు నాలుగుసార్లు వాడాక పోతుంది. పొగ వస్తే మాత్రం ఆపి షాపుకి తీస్కెళ్ళండి, అది వేరే కథ. కొత్త జార్లలో ఫ్యాక్టరీ నూనె జిడ్డుంటది, వేడి నీళ్ళు కాదు గోరువెచ్చటివి సగం పోసి ఒక చుక్క గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి ఒకటో నంబర్ మీద అర నిమిషం తిప్పి పారబోయండి, తర్వాత ఒక గుప్పెడు బియ్యం పొడిగా తిప్పి అది కూడా పారెయ్యండి. మా అత్తమ్మ ఆ బియ్యప్పిండి పారేస్తుంటే "ముగ్గుకైనా ఉంచొచ్చుగా బిడ్డా" అని బాధపడింది, సరే, ముగ్గుకి ఉంచుకోండి.

జార్లు మూడుంటాయి, పెద్దది తడి రుబ్బుడికి, మధ్యది పొడులకి, బుజ్జిది పచ్చడికి. చాలామంది పనంతా పెద్ద జార్లోనే చేస్తారు, నాలుగు పచ్చిమిరపకాయలు పెద్ద జార్లో వేస్తే అవి గోడలకి అతుక్కుని కూర్చుంటాయి, గరిటతో తోస్తూ తోస్తూ విసుగొచ్చేస్తది. సరుకు కనీసం బ్లేడు మునిగేంత ఉండాలి, పైన మూడోవంతు ఖాళీ ఉండాలి. జార్ పెట్టేటప్పుడు నాబ్ సున్నా మీద ఉందో లేదో చూడండి, కింద పళ్ళచక్రంలా ఉండే నల్ల కప్లర్లో సరిగ్గా కూర్చున్నాక తిప్పండి, తిరుగుతుండగా జార్ ఎత్తితే ఆ కప్లర్ పళ్ళు అరిగిపోతాయి. నేరుగా మూడు మీద పెట్టేయొద్దు. నాబ్‌ని ఎడమవైపుకి తిప్పి పట్టుకుంటే తిరిగి వదిలేస్తే ఆగే పాయింటొకటి ఉంటది, కొన్నిటి మీద పల్స్ అని కొన్నిటి మీద విప్ అని రాస్తారు, దాంతో నాలుగు సార్లు గిర్రు గిర్రు మనిపించి ముక్కలు కాస్త నలిగాక ఒకటి, తర్వాత రెండు. నాకైతే ఇంట్లో పనుల్లో ముప్పాతిక వంతు ఆ ఎడమ పాయింట్‌తోనే అయిపోతాయి, మూడో నంబర్ వాడేది పిండి చివర్లో ఒక్కసారే.

డబ్బా మీద 30 నిమిషాల రేటింగ్ అని ఉంటది, అంటే అరగంట ఆగకుండా తిప్పొచ్చని కాదు, ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపి అట్లా విడతలుగా అని. మనకి ఐదు కూడా ఎక్కువే, గట్టి ముద్దైతే ఒక నిమిషానికోసారి ఆపండి. ఇది తెలీక నేను మినప్పప్పు నీళ్ళు తక్కువేసి ఏకబిగిన తిప్పా, ఠక్కుమని ఆగిపోయింది, స్విచ్ మార్చినా ప్లగ్ మార్చినా ఉలుకూ పలుకూ లేదు. కొని ఇరవై రోజులు కాలేదు. పిండి జార్లో అలాగే వదిలేసి మిక్సీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మిక్సీ రిపేర్ షాపుకి పోయా. ఆ అన్న నా మాట సగం విన్నాడు, మిక్సీని బోర్లా తిప్పాడు, కింద చిన్న ఎర్ర బటన్ ఉంటే బొటనవేలితో నొక్కాడు, ప్లగ్ పెట్టాడు, తిరిగింది. "మిక్సీ మంచిగనే ఉంది అక్కా, లోడెక్కువై ట్రిప్ అయింది, పది నిమిషాలు చల్లగ చేసి బటన్ నొక్కాలె" అన్నాడు. పైసలు తీస్కోలేదు. ఆటోకే నూట అరవై అయింది. మీ మిక్సీ కొన్న రోజే ఒకసారి బోర్లా తిప్పి ఆ బటన్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. నొక్కేముందు ప్లగ్ తీసి, జార్లో సరుకు సగం తీసేసి, కాసిన్ని నీళ్ళు కలపండి, లేకపోతే మళ్ళీ అదే జరుగుతుంది. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజ్ తగ్గి మోటార్ మూలుగుతున్నట్టు వినిపిస్తది, అప్పుడు కూడా ఆపెయ్యడమే.

వేడివి వెయ్యకూడదు అని అందరికీ తెలుసు, తొందరలో అందరం వేస్తాం. ఏమవుతుందంటే వేడి ముద్ద బ్లేడుతో ఒక్కసారి చెదిరేసరికి ఆవిరి గుప్పున లేస్తది, మూత బిగించి ఉంది, ఎటు పోవాలి, మూతనే ఎగరగొడుతుంది. మా సీలింగ్ మీది టమాటా మరక అదే, చెయ్యి మీద కూడా చిన్న బొబ్బ లేచింది. ప్లేట్లో పరిచి ఫ్యాన్ కింద పది నిమిషాలు పెట్టండి, అంత టైం లేదంటే ఆ రోజుకి పచ్చడి మానేసి పెరుగేస్కోండి. పసుపుకొమ్ములు, ఎండు కొబ్బరి చిప్ప మొత్తంగా, గడ్డకట్టిన బెల్లం దిమ్మ, ఇవి కూడా వద్దు, పసుపూ కారం గిర్నీలో పట్టించుకోవడమే మేలు.

కడగడం గురించి రెండు ముక్కలు. జార్ని సింకులో నీళ్ళల్లో నానేసి వదలొద్దు, కింద బ్లేడు ఇరుసు తిరిగే బుష్‌లోకి నీళ్ళు దిగి తుప్పు పడుతుంది, తర్వాత కింది నుంచి నల్లటి జిడ్డు నీళ్ళు కారతాయి, అట్లా కారిందంటే బుష్ పోయినట్టే, దాంట్లో ఏదీ రుబ్బొద్దు, మార్పించండి. వాడిన వెంటనే సగం నీళ్ళు, ఒక చుక్క లిక్విడ్ వేసి తిప్పి, బ్లేడు కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బోర్లించండి, మూత రబ్బర్ ఊడదీసి విడిగా కడగండి, కంపంతా దాని కిందే ఉంటది. ఇంకోటి, మన కిరాయి ఇళ్ళల్లో బొద్దింకలు రాత్రిపూట వెచ్చగా ఉంటదని మిక్సీ అడుగు రంధ్రాల్లోకి దూరతాయి, రిపేర్ అన్న చెప్పాడు, పోయిన మిక్సీల్లో సగం తెరిస్తే వాటి కాపురాలే అని. రాత్రి పడుకునేముందు ప్లగ్ తీసి తడిబట్టతో తుడిచి, పొడి బట్ట కప్పండి.

ఇప్పుడు మొలకలు. ముందుగా, స్ప్రౌట్ మేకర్ అని మూడంతస్తుల ప్లాస్టిక్ డబ్బా కొనకండి. నేను కొన్నా, ఇప్పుడు దాంట్లో బట్టల క్లిప్పులున్నాయి. గట్టు మీద జాగా తింటది, మూలల్లో జిగురు పట్టి కడగడానికి టూత్‌బ్రష్ పట్టుకోవాలి. కావాల్సింది ఒక పాత నూలు పంచె ముక్క, మూరెడు చాలు, ఒక చిల్లుల గిన్నె, ఒక గిన్నె. పంచె కూడా బాగా వాడి వాడి మెత్తబడిందైతేనే మంచిది, కొత్త బట్ట గంజి ఉంటది, గాలి ఆడదు. మూట కట్టి వంటింటి కిటికీ చువ్వకి వేలాడేస్తే గట్టు మీద అంగుళం కూడా పోదు. చిన్న వంటింట్లో ఖాళీగా ఉండేది గాలి ఒక్కటే, దాన్నే వాడుకోవాలి.

గింజలు పెసలతో మొదలుపెట్టండి, పెసలు తేలిక, తొందరగా వస్తాయి. మలక్‌పేట గంజ్ నుంచి తెచ్చినా, రైతుబజార్ దగ్గర కొన్నా, మీ వీధి కిరాణా అన్న దగ్గర తీస్కున్నా ఒకటే, ఈ ఏడు పంటైతే చాలు, పాతబడ్డవి పొట్టు కాంతి పోయి దుమ్ము రంగులో ఉంటాయి, సగం మొలకెత్తవు. పెసరపప్పు మొలకెత్తదు, చెల్లి అడిగింది కాబట్టి చెప్తున్నా, శ్రీరామనవమికి వడపప్పు నానేస్తాం చూడండి అది ఎన్ని రోజులుంచినా పులుస్తుందే తప్ప మొలక రాదు, పప్పు చేసేటప్పుడే గింజ రెండు చెక్కలై మొలక ముక్క ఊడిపోతుంది. విత్తనాల షాపులో దొరికే గింజలు మాత్రం అస్సలు తేవొద్దు, అవి పొలానికి, పురుగూ తెగులూ రాకుండా మందు పట్టించి ఉంటాయి.

ఇద్దరికి అర కప్పు చాలు. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తది, మొలకలయ్యాక కప్పున్నర దాటుతుంది, మొదటిసారి నేను రెండు కప్పులు నానేసి పక్కింటి వదినకి, కింద ఓనర్ ఆంటీకి, ఆఫీసులో ఇద్దరికి పంచినా ఇంకా మిగిలాయి. రాత్రి భోజనాలయ్యాక మూడు నాలుగు సార్లు కడిగి, పైకి తేలిన తాలు గింజలు తీసేసి, మూడింతల నీళ్ళు పోసి వదిలెయ్యండి. ఎనిమిది గంటలు. పొద్దున లేచాక వంపేసి ఒక ప్లేట్లో పోసి చూడండి, అన్నీ ఉబ్బి పొట్టు సాగి ఉంటాయి, మధ్యలో కొన్ని మాత్రం చిన్నగా నల్లగా మెరుస్తూ గట్టిగా అలాగే ఉంటాయి, నానని గింజలు. అవి ఇప్పుడే ఏరెయ్యాలి, తర్వాత మొలకల్లో కనపడవు, పంటికి తగిలితే పన్ను పోద్ది, మా ఆయనకి ఒక పంటి ముక్క ఊడింది, డెంటిస్ట్ బిల్లుతో ఎన్ని కిలోల పెసలు వచ్చేవో లెక్కేసుకోలేదు. మిక్సీలో పడితే టకటకమని రాళ్ళేసినట్టు చప్పుడు.

తర్వాత ఫిల్టర్ నీళ్ళతో ఒకసారి కడిగి, నీళ్ళు పూర్తిగా ఓడ్చి, తడిపి పిండిన బట్టలో వదులుగా మూట కట్టండి. వదులుగా. లోపల గింజ పెరగాలి, గాలి ఆడాలి. బిగించి కట్టారంటే నేను మూత పెట్టినట్టే. నీళ్ళ దగ్గర కక్కుర్తి వద్దు, మాకు నల్లా రోజు మార్చి రోజు వస్తుంది, మిగతా టైం బోర్ నీళ్ళే, ఉప్పటివి, గింజలు మొదట కడగడానికి బోర్ నీళ్ళు వాడినా నానబెట్టడానికి, ఆ తర్వాత తడపడానికి తాగే నీళ్ళే వాడండి. కడిగిన నీళ్ళు కరివేపాకు కుండీలో పోస్తా, వృథా ఏం కాదు.

మూట రోజుకి రెండుసార్లు విప్పి చిల్లుల గిన్నెలో పోసి కడగాలి, పొద్దునా రాత్రీ. ఊరికే పైనుంచి నీళ్ళు చిలకరిస్తారు కొందరు, దాంతో కాదు. గింజ మొలకెత్తేటప్పుడు ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది, మూట మధ్యలోకి వేళ్ళు దూర్చి చూడండి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు ముట్టుకున్నట్టుంటది. ఆ వేడి తీసెయ్యడానికే కడగడం. ఏప్రిల్ మే నెలల్లో మన దగ్గర బయట 40 దాటుతుంది, వంటింట్లో పొయ్యి వేడి అదనం, అప్పుడు మూడుసార్లు కడగాలి, మూట కిటికీకి కాదు కుండ మీదో ఇంట్లో చల్లగా ఉండే మూలో పెట్టాలి, పన్నెండు గంటలకే తోకలొచ్చేస్తాయి. డిసెంబర్ జనవరిలో అదే పెసలకి రెండు రోజులు పడుతుంది, రాత్రిపూట మూటని గిన్నెలో పెట్టి ఆ గిన్నెని ఫ్రిజ్ పైన పెట్టండి, అక్కడ కొద్దిగా వెచ్చగా ఉంటది. జూలై నుంచి అక్టోబర్ దాకా పెద్దగా ఆలోచించేది లేదు, గింజే చూస్కుంటది.

తోక అర అంగుళం వచ్చిందంటే చాలు, ఆపెయ్యండి. వెలుతుర్లో ఎక్కువసేపుంటే పచ్చబడి కొద్దిగా చేదెక్కుతాయి. తోకల చివర తెల్లటి సన్న నూగు కనపడి బూజొచ్చిందని పారేస్తుంటారు, నేనూ ఒకసారి మొత్తం పారబోశా. అది మొలక వేరుకొచ్చే నూగైతే నీళ్ళు పోస్తే తోకకి అతుక్కుని కనపడకుండా పోతుంది, వాసన ఏమీ ఉండదు, పచ్చి పెసల వాసనే. బూజైతే బూడిద రంగులో సాలెగూడులా గింజకీ గింజకీ మధ్య అల్లుకుంటది, కడిగినా పోదు, ముక్కిపోయిన వాసనొస్తుంది. చేతికి జిగురు తగిలినా, పుల్లటి కంపు వచ్చినా మొత్తం పారెయ్యండి, పైపైవి తీసేసి కిందివి వాడుకుందాం అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

అయ్యాక ఫ్రిజ్‌లో పెట్టేది ఎలాగంటే, పొడి బట్ట మీద ఫ్యాన్ కింద ఒక గంట ఆరబెట్టి, స్టీల్ గిన్నెలో పోసి పైన అదే బట్ట కప్పండి. నేను చేసినట్టు టైట్ డబ్బాలో తడిగా పోసి మూత బిగించి, పైగా ఫ్రిజ్ నిండిపోయిందని బయట పెట్టి ఆఫీసుకి పోకండి, అది మే నెల, సాయంత్రం తాళం తీస్తుంటే హాల్లోకే కంపు. ఫ్రిజ్‌లో ఐనా మూడు రోజులు, నాలుగో రోజు నేను వాడను.

పెసలు చెయ్యి తిరిగాక బొబ్బర్లు కూడా అలాగే. శనగలకి పన్నెండు గంటల నానబెట్టుడు, రెండు రోజుల మూట. శ్రావణ మాసంలో నాలుగిళ్ళకి పేరంటానికెళ్ళొస్తే వాయనం శనగలు కిలో అవుతాయి కదా, అవి ఎలాగూ నానినవే, ఇంటికి రాగానే కడిగి మూట కట్టెయ్యండి, శుక్రవారం శనగలు ఆదివారం కూర. మెంతులు నానినప్పుడు జిగురొస్తది, అది చెడిపోవడం కాదు దాని స్వభావమే, కానీ ఎక్కువసార్లు కడగాలి. ఉలవల్లో నానని గింజలు ఎక్కువ, ఓపికుంటేనే. పల్లీలు నేను మానేశా, బూజు తొందరగా పడుతుంది, పల్లీ బూజు మంచిది కాదు. రాజ్మా మొలకలు పచ్చివి తినకూడదు, ఉడకని రాజ్మాలో వాంతులు విరేచనాలు పట్టించే విషం ఉంటది, దాన్ని కూరకే వదిలెయ్యండి.

పచ్చివి తినడం గురించి నా అభిప్రాయం చెప్తా, పార్కు గేటు దగ్గర వాకింగ్ చేసినవాళ్ళంతా ప్లేట్లు పట్టుకుని తింటుంటారు కాబట్టి ఇది నచ్చకపోవచ్చు. మొలకలకి కావాల్సిన తడీ వెచ్చదనమే క్రిములకీ కావాలి, గింజ మీద పొలం నుంచే క్రిమి ఉంటే మనం ఎంత శుభ్రంగా చేసినా అది కూడా పెరుగుతుంది. 2011లో జర్మనీలో మొలకెత్తిన మెంతుల వల్ల ఈ-కోలై అనే క్రిమి సోకి 50 మందికి పైగా చనిపోయారు, వేలమంది జబ్బు పడ్డారు, ఆ మెంతులు ఈజిప్ట్ నుంచి వచ్చినవే అయ్యుంటాయని విచారణలో తేల్చారు. భయపెట్టడానికి కాదు, కానీ కడుపుతో ఉన్నవాళ్ళు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, ఒంట్లో బాలేనివాళ్ళు ఉన్న ఇంట్లో పూర్తిగా ఉడికించే పెట్టండి. ఎండు పెసల్లో పెద్దగా లేని సీ విటమిన్ మొలకల్లో వస్తుంది, ఉడికిస్తే అందులో కొంత పోతుంది నిజమే, పోతే పోనీ, పైన నిమ్మకాయ పిండుకోండి. మా ఇంట్లో ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఐదారు నిమిషాలు పెడతాం, కరకరలాడుతూనే ఉంటాయి, కడుపుబ్బరం కూడా తక్కువ.

ఇంక మొలకలూ మిక్సీ కలిసేది పెసరట్టు దగ్గర. మామూలు పెసరట్టు కన్నా ఇది కొంచెం తియ్యగా తేలిగ్గా ఉంటది. రెండు కప్పుల మొలకలకి రెండు చెంచాల నానిన బియ్యం, అంగుళం అల్లం, మూడు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు. ముందు అల్లం మిర్చి జీలకర్ర మాత్రమే జార్లో వేసి ఎడమ పాయింట్‌తో నలగ్గొట్టాలి, అప్పుడు మొలకలు, అన్నీ ఒకేసారి వేస్తే అల్లం పీచు బ్లేడుకి చుట్టుకుని మొలకలు పైన తేలుతుంటాయి. నీళ్ళు పావు కప్పుతో మొదలుపెట్టండి, మొలకల్లో నీళ్ళుంటాయి కాబట్టి నానేసిన పెసలకన్నా తక్కువ పడతాయి, ఈ తేడా తెలీక మొదటిసారి నా పిండి మజ్జిగైంది, బియ్యప్పిండి కలిపి కలిపి చివరికి అది పెసరట్టో బియ్యపట్టో తెలీకుండా పోయింది. కొంచెం రవ్వ రవ్వగా ఉండగానే ఆపండి, మరీ మెత్తగైతే పెనానికి అంటుకుంటది. పులియబెట్టే పని లేదు, వెంటనే పోసెయ్యాలి, రెండు గంటలుంచితే రంగు మారి వాసనొస్తది. ఉల్లిపాయలు, కొత్తిమీర పైన, మంట మధ్యస్థంగా, రెండు వైపులా బాగా కాలనివ్వాలి. లోపల ఉప్మా పెట్టుకుంటామంటే మీ ఇష్టం, షుగర్ బార్డర్ వాళ్ళకి మాత్రం నేను పెట్టను, మా ఆయన ఆదివారం ఆదివారం అడుగుతూనే ఉంటారు.

రుబ్బే ఓపిక లేని రోజు గుడాలు. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, వెల్లుల్లి రెండు దంచి వేసి, ఆవిరి పట్టిన మొలకలు పోసి, ఉప్పు, కొంచెం పసుపు, మూతపెట్టి నాలుగు నిమిషాలు. మా అత్తమ్మ వచ్చినప్పుడు బొబ్బర్ల మొలకల గుడాలే చేయిస్తారు, "మొలకలంటే మీకిప్పుడు తెలిసింది, మాకు చిన్నప్పటి సంది ఇవే" అంటారు. మొలకల స్మూతీ అని అరటిపండుతో కలిపి జ్యూస్ జార్లో కొట్టి తాగేవాళ్ళున్నారు, ఒకసారి చేశా, సింకులో పోశా, దాని గురించి ఇంతకన్నా రాయను.

చివరగా రాగుల మొలకల పొడి, మన తైదలు. ఇది మిక్సీకి అసలైన పరీక్ష. తార్నాకలో ఎన్ఐఎన్, అదే జాతీయ పోషకాహార సంస్థ, ఉంది కదా, వాళ్ళు 2017లో వేసిన ఆహార పట్టికలో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం అని ఉంది, అందుకే పిల్లల జావకి అందరూ ఇదే అడుగుతారు. రాగుల్లో మట్టీ ఇసుకా ఎక్కువ, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఏడెనిమిది సార్లు కడగాలి, రాత్రంతా నానేసి, సన్న నేత బట్టలో మూట కట్టాలి, పంచె పల్చగుంటే గింజలు కంతల్లోంచి తోకలు బయటికి పెట్టి బట్టకి కుట్టేసినట్టు అతుక్కుంటాయి, లాగితే ఊడవు, రెండు మడతలెయ్యండి. ఒకటిన్నర రోజుకి తెల్ల తోకలొస్తాయి. నీడలో, ఫ్యాన్ కింద, రెండు రోజులు పూర్తిగా ఎండాలి, మా హాల్లో దివాన్ మీద పేపర్లేసి పరుస్తా, ఆ రెండు రోజులూ చుట్టాలొస్తే కుర్చీలే గతి. ఎండాక సన్న మంట మీద కమ్మటి వాసనొచ్చేదాకా వేయించి, చేతులతో నలిపితే తోకలు రాలిపోతాయి, చెరిగేసి, చల్లారాక మధ్య జార్లో సగానికి మించకుండా వెయ్యండి. ఒక నిమిషం తిప్పడం, రెండు నిమిషాలు ఆపడం. ఆపగానే మూత తియ్యొద్దు, పిండి పొగలా లేచి ముక్కులోకి పోతుంది, కాసేపు కూర్చోనిచ్చి జార్ని రెండు తట్లు తట్టి తియ్యండి. జల్లించి రవ్వ మళ్ళీ వేసి తిప్పాలి. పొడి జార్ ముట్టుకుంటే వేడిగా ఉంటది, పిండి కూడా వేడిగానే ఉంటది, అలాగే డబ్బాలో పోసి మూత పెట్టేస్తే లోపల చెమ్మ పట్టి వారానికే ముక్క వాసనొచ్చేస్తుంది, వెడల్పాటి పళ్ళెంలో పోసి గంట సేపు వదిలేసి, చెయ్యి పెడితే పూర్తిగా చల్లగా తగిలినప్పుడే పొడి డబ్బాలోకి ఎత్తండి. మూత ఇక్కడ మాత్రం గట్టిగానే బిగించండి.